ఇయ్యాల సుత లేదక్కా

నేను సిగరెట్ మానిన ఏడాదంతా ఒక అమ్మాయి మీద కుళ్లుకుంటూనే గడిపాను.

అప్పుడు నాకు ఐదో నెల. అమీర్‌పేటలో ఉద్యోగాలు ఇప్పించే ఒక కన్సల్టెన్సీలో పనిచేసేదాన్ని. ఆఫీసు మేడ మీద, నీళ్ల ట్యాంకు వెనక నిలబడి కాల్చే ఆడవాళ్లలో నేనూ ఒకదాన్ని. మాది తెనాలి వైపు. మా ఇళ్లలో మగవాళ్లే పెద్దల ఎదుట కాల్చరు, ఇక నా సంగతి చెప్పేదేముంది. పెళ్లయి మూడేళ్లయినా మా ఆయనకు తెలియదు. సోంపు నమిలి, జుట్టు విదిలించుకుని, మళ్లీ జడ వేసుకుని ఇంటికి వెళ్లేదాన్ని. కడుపుతో ఉన్నానని తెలిశాక తగ్గించాను కానీ మానలేకపోయాను.

పంజాగుట్టలో నేను చూపించుకునే ఆసుపత్రిలో డాక్టరమ్మ ఒకరోజు మా ఆయన్ని బయట కూర్చోమని, "పొగ అలవాటుందా?" అని అడిగింది. బీపీ ఉందా అని అడిగినట్టే అడిగింది. అందుకే అవునన్నాను. ఆమె నన్ను కౌన్సెలర్ దగ్గరికి పంపింది. కౌన్సెలర్ నా నంబరు తీసుకుని, రోజూ మెసేజ్‌లు వస్తాయని, కాల్చాలనిపించినప్పుడు వాటికి జవాబు రాయొచ్చని చెప్పింది.

"ఇంట్లో ఎవరైనా చూస్తే?" అన్నాను.

"సిగరెట్ అనే మాట రాయంలెండి," అంది.

అన్నట్టే వచ్చేవి. "మనసు లాగుతోందా? గ్లాసుడు నీళ్లు తాగి నాలుగడుగులు వేయండి. కాసేపటికి అదే పోతుంది." ట్యాంకు వెనక ఆ మెసేజ్ చదువుకుంటూనే సిగరెట్ వెలిగించిన రోజులున్నాయి.

తర్వాతిసారి వెళ్లినప్పుడు కౌన్సెలర్ గదిలో ఇంకో అమ్మాయి కూర్చుని ఉంది. అమీర్‌పేట మెట్రో స్టేషన్ దగ్గర ఒక బ్యూటీ పార్లర్‌లో పనిచేస్తుందట. ఉండేది యూసుఫ్‌గూడ. "ఇద్దరికీ ఇంచుమించు ఒకే నెల. మీలో మీరు కూడా మెసేజ్ పెట్టుకోండి, తోడుగా ఉంటుంది," అంది కౌన్సెలర్. ఆ అమ్మాయి నన్ను చూసి నవ్వి, "నాకు పార్లర్‌ల అలవాటైందక్కా. పొద్దంతా నిలబడుడు, మధ్యల చాయ్, చాయ్‌తోని ఇది," అంది. ఊరి పేరు చెప్పుకున్నంత తేలిగ్గా చెప్పేసింది.

ఆ సాయంత్రమే మెసేజ్ పెట్టింది. "ఇయ్యాల లేదక్కా." మర్నాడు, "ఇయ్యాల సుత లేదక్కా." ఆ తర్వాత రోజూ అదే. "నాకూ లేదు" అని టైప్ చేసి, పంపకుండా చెరిపేసేదాన్ని. నా సంగతేమిటని అడిగితే ఒకటి కాల్చానని రాసేదాన్ని. "ఫికర్ చెయ్యకక్కా, రేపు చూద్దాం," అనేది. ఆ ఓదార్పు నాకు తిట్టుకన్నా ఎక్కువ మండించేది. నాకన్నా చిన్నది, నాకన్నా ఎక్కువ కష్టపడేది, అంత సులువుగా ఎలా మానేసింది? ఒక్కరోజైనా "ఇయ్యాల తాగిన" అని రాస్తే బాగుండునని ఫోన్ వంక చూసేదాన్ని.

ఒక మధ్యాహ్నం రాసింది. "మస్తు గుంజుతుందక్కా. జర పార్లర్ కాడికి రారాదూ?" నేను గబగబా బయల్దేరాను. కోచింగ్ సెంటర్ల ముందు గుంపుల్ని తోసుకుంటూ వెళ్తుంటే, సాయం చేయడానికి వెళ్తున్న మనిషికి ఉండకూడని ఉత్సాహం నాలో ఉంది.

నేను వెళ్లేసరికి ఆమె పార్లర్ మెట్ల మీద కూర్చుని ఉప్పూకారం చల్లిన జామకాయ ముక్కలు తింటోంది. పొట్లం పట్టుకుని పక్కనే ఆమె భర్త ఉన్నాడు. ఆటో నడుపుతాడు. కబురు అందగానే ఆటో పక్కన ఆపి వచ్చాడట.

"మీరేనా అక్కా?" అన్నాడు. "రోజూ మీ ముచ్చటే చెప్తది. మా అమ్మ సుత మీ కోసం ప్రార్థన చేస్తది."

"మీ అమ్మగారికి తెలుసా?"

"ఇంట్ల అందరికి ఎరికే. నేను సుత మానేసిన. ఇంట్ల ఒకరు తాగితే ఇంకొకరికి పానం గుంజదా?"

ఆదివారం రమ్మని ఇద్దరూ పట్టుపట్టారు. వెళ్లాను. యూసుఫ్‌గూడలో మేడ మీద రెండు అద్దె గదులు. నలుగురైదుగురు ఇరుగుపొరుగు ఆడవాళ్లు చాప మీద కూర్చుని ప్రార్థన చేసుకుంటున్నారు. ఆ అమ్మాయి అత్తగారు కోడలి తల మీద చెయ్యి పెట్టి, "ప్రభువా, ఈ బిడ్డతోని సిగరెట్ మానిపించినవు, నీకు స్తోత్రం. గా బిడ్డకు సుత గంతే బలమియ్యి తండ్రీ," అని నా వైపు చెయ్యి చాపింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఎవరూ తలెత్తి చూడలేదు. ఆమెన్ అన్నారంతే. తర్వాత ఒకావిడ నాకు మంచినీళ్లిచ్చి, ఎన్నో నెలని అడిగింది.

ఇన్నాళ్లూ ఆమె మానేసినందుకు కుళ్లుకుంటున్నాననుకున్నాను. ఆ మెట్లు దిగుతుంటే అసలు సంగతి తెలిసొచ్చింది. ఆమె మళ్లీ తాగానని చెప్పినా ఆ ఇల్లు ఆమెకు అన్నం పెడుతుంది. నా కడుపుమంటంతా దానికే.

ఆ సాయంత్రం మా ఆయన బీన్స్ తరుగుతున్నాడు. నా ఫోన్ మోగితే తొంగిచూసి, "ఏంటి, ఈవిడెవరో రోజూ లేదక్కా, లేదక్కా అని పెడుతుంది. ఏం లేదు ఆవిడకి?" అన్నాడు.

చెప్పేశాను. ఆయన కత్తి పక్కన పెట్టాడు.

"ఎప్పట్నుంచి?"

"పెళ్లికి ముందు నుంచి."

"ఆవిడకి తెలుసా?"

"తెలుసు."

"వాళ్లాయనకి?"

"తెలుసు."

"వాళ్ల అత్తగారికి?"

తలూపాను.

"యూసుఫ్‌గూడ అంతా చెప్పుకుని ఆఖర్న నాకు చెప్తున్నావన్నమాట," అని లేచి బాల్కనీలోకి వెళ్లిపోయాడు.

తెనాలికి ఫోన్ చేస్తాడేమోనని భయపడ్డాను. చేయలేదు. కొన్నాళ్లు అవసరమైనంత వరకే మాట్లాడాడు. సిగరెట్ తాగానన్న దానికన్నా, ఎవరో తనకన్నా ముందు తెలుసుకున్నారన్నదే ఆయన్ని తొలుస్తోంది. ఆ మొహం చూస్తే నాకు జాలేసింది. ఆ బాధ ఎలాంటిదో నాకు బాగా తెలుసు.

తర్వాతి చెకప్‌లో ఎవరూ పిలవకుండానే నాతోపాటు కౌన్సెలర్ గదిలోకి వచ్చాడు. "ఆ మెసేజ్‌లు నాక్కూడా పంపుతారాండి?" అని అడిగాడు.

"మీరూ కాలుస్తారా?"

"లేదండి. ఆవిడకి మీరేం చెప్తున్నారో నాకూ తెలియాలి కదా."

అప్పట్నుంచి మెసేజ్ వచ్చిన కాసేపటికి ఆఫీసుకి ఫోన్ చేసేవాడు. "నీళ్లు తాగావా? నడిచావా?" ఒక్కోసారి విసుక్కునేదాన్ని. మధ్యలో జారాను కూడా. జారిన రోజు చెప్పాను, ఆయన అన్నం తిందువుగాని రమ్మన్నాడు. ఏడో నెల దాటాక మేడ మీదికి వెళ్లడం పూర్తిగా మానేశాను.

ఆ పార్లర్ అమ్మాయికి కొడుకు పుట్టాడు, మామూలు కాన్పు. నాకు ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల, బరువు కాస్త తక్కువ. కొన్నాళ్లు ఆసుపత్రిలోనే ఉంచి, ఫరవాలేదని పంపారు.

టీకాల రోజున పంజాగుట్టలో ఆసుపత్రి వరండాలో కలిశాం. ఆమె కొడుకు బొద్దు బుగ్గలు చూడగానే మళ్లీ నాలో అదే మంట రేగింది. ఈసారి దాచుకోబుద్ధి కాలేదు.

"నీ మీద నాకు మొదట్నుంచీ కుళ్లే," అన్నాను.

"నాకు తెల్వదా అక్కా?" అంది వాడి టోపీ సర్దుతూ. "నాకు సుత ఉండె. నువ్వు ఏసీల కూసొని పని చేస్తవు. నాకేమో కాళ్లు వాసి చెప్పులు సుత పట్టకపోతుండె. నీ మెసేజ్ చూసినప్పుడల్లా మండుతుండె."

ఇద్దరం నవ్వుకున్నాం. నా కూతుర్ని ఇటివ్వమని చేతులు చాపింది. ఇచ్చి, వాణ్ణి నేను తీసుకున్నాను. వాడి బరువుకి కుట్ల దగ్గర కలుక్కుమంది. అయినా నర్సు మా పేరు పిలిచేదాకా వాణ్ణి తిరిగి ఇవ్వలేదు.