పర్వాలేదన్న బండి

2023 నవంబరు. అరకులో చలి ముదిరి, టూరిస్టుల కార్లు రోడ్డుకి రెండు పక్కలా బారులు తీరే రోజులు. నా మెకానిక్ షెడ్డు ఆ రోడ్డు మీదే ఉంది. సొంతూరు శృంగవరపుకోట అయినా ఈ కొండ మీదికొచ్చి ఇరవై ఏళ్లు దాటింది. అందరూ అప్పారావు మేస్త్రీ అంటారు. జీపులు, ఆటోలు, కూరగాయల వ్యాన్లు నా పని. దానితోపాటు పాత బండి కొనేవాళ్లు ముందు నాకు చూపించుకుంటారు. దీన్ని మావాళ్లు ‘చెకింగ్’ అంటారు. చూసి చెప్పడమే కదా, అందులో ఏముంది అనుకునేవాణ్ణి. ఏముందో ఆ నవంబరులో తెలిసొచ్చింది.

ఒకరోజు కిల్లో జమున అనే ఆమె షెడ్డుకి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. పక్కూరే. వాళ్ల కాఫీ తోట భర్త చూసుకుంటాడు, ఈమెది ఫోటోల వ్యాపారం. పెళ్లికి ముందు జంటలు ఫోటోలు దిగడానికి కొండెక్కి వస్తారు కదా, వాళ్లకి తోట చూపించి, తమ ఊరి చీరకట్టు కట్టి, పూసల దండలు అద్దెకిస్తుంది. జీపు నాకంటే బాగా నడుపుతుంది.

“మేస్త్రీ, టాపు లేని కారు కావాల. రెండే సీట్లుండాల” అంది.

“వానొస్తే ఏటి సేత్తావమ్మా?”

“వానొస్తే ఎవులు ఫోటో దిగుతారు?”

వచ్చిన ప్రతి జంటా అలాంటి కారు ఉందా అని అడుగుతోందట. తోటలో మిరియాలు అమ్మిన డబ్బు నాలుగేళ్లుగా దాచింది. నాలుగు లక్షలు దాటకూడదు. ఫోటోలు లేనప్పుడు కూతుర్ని బడికి దింపడానికి పనికొస్తుందని కూడా లెక్కేసుకుంది. “రెండు సీట్లే అయితేనేటి, నాకూ నా గుంటకీ సాలు” అంది.

టాపు వెనక్కి మడిచే కారుని కన్వర్టిబుల్ అంటారు. ఆ డబ్బుకి దొరికితే బాగా పాతదే దొరుకుతుంది. అందుకే ఆమెని కూర్చోబెట్టి వివరంగా చెప్పాను. తలుపు కింద, బండి అడుగు అంచున, పొడుగ్గా ఉండే ఇనుప గొట్టం లాంటి భాగాన్ని సిల్ అంటాం. మామూలు కారులో బరువుని టాపు కూడా పంచుకుంటుంది. టాపు లేనిదానికి సిల్లే ఆధారం. అట్టపెట్టె మూత కోసేసి ఒక మూల పట్టుకుని ఎత్తితే పెట్టంతా మెలి తిరుగుతుంది, ఇదీ అంతే. “రంగు చూడకు. ఇంజిన్ మోత చూసి మురిసిపోకు. పక్కన జాకీ పెట్టి ఎత్తించు. ఎత్తాక తలుపు తియ్యి. తలుపు బిగుసుకుపోయిందంటే ఆ బండి వద్దు” అన్నాను. రెండుసార్లు తిరిగి చెప్పించుకున్నాను కూడా. అంత జాగ్రత్తపరుణ్ణి అన్నమాట.

రెండు బళ్లు ఆమే చూసి వద్దంది. మూడోది చూడటానికి విశాఖపట్నం వెళ్లింది. అక్కణ్ణుంచి ఫోన్ చేసేసరికి నేను ఒక జీపు కింద పడుకుని ఉన్నాను. గేర్‌బాక్స్ సగం విప్పి ఉంది.

“మేస్త్రీ, ఈళ్లకాడ జాకీ లేదంటన్నారు. వీడియో పంపినాను. బేగి సూసి సెప్పండి, ఇంకొకలు కూడా వచ్చి ఉన్నారంట.”

నూనె వేలితోనే వీడియో తెరిచాను. అర నిమిషం చూసుంటాను. ఎర్ర రంగు నిగనిగలాడుతోంది, ఇంజిన్ చప్పుడు తిన్నగా ఉంది. “పర్వాలేదమ్మా” అని ఫోన్ కింద పెట్టేశాను. గేర్‌బాక్స్ పని అయ్యేసరికి ఆ సంగతే మర్చిపోయాను.

మర్నాడు పదిగంటలకి షెడ్డు ముందు హారన్ మోగింది. బయటికొస్తే ఎర్ర కారు. స్టీరింగ్ దగ్గర జమున, పక్క సీట్లో తలకి స్కార్ఫు కట్టుకున్న ఏడేళ్ల కూతురు మాలతి. తల్లితో పాటు పట్నం చూడ్డానికి వెళ్లిందట. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి ఫోన్లలో తీసుకుంటున్నారు.

“కొనేసినావేటమ్మా?”

“మీరే కదా పర్వాలేదన్నారు” అంది నవ్వుతూ.

కొండ కింద మైదానంలో పుట్టిన మావాళ్ల నోట్లో ఆ మాటకి అర్థాలకి కొదవలేదు. కూరలో ఉప్పు తగ్గినా పర్వాలేదంటాం, అల్లుడు నచ్చకపోయినా పర్వాలేదంటాం. నేనన్నదానికి అర్థం, ఏదో ఉందిలే, తర్వాత చూద్దాం అని. ఆమె ఇంట్లో మాట్లాడేది తమ కొండ భాష, తెలుగు కాదు. బడిలో నేర్చుకున్న తెలుగు. మాటని మాటగా విన్నది. పర్వా లేదు, అంటే భయం లేదు. మేస్త్రీ భయం లేదన్నాడు, డబ్బు కట్టేసింది.

ఇద్దర్నీ దిగమని, ఎడమ పక్క సిల్ కింద జాకీ పెట్టి తిప్పాను. చక్రం లేవలేదు. ఇంకా తిప్పాను. జాకీ పైకి వెళ్తోంది, బండి వెళ్లడం లేదు. కరకరమని చప్పుడైంది. వంగి చూస్తే జాకీ తల సిల్ లోపలికి దిగిపోయి ఉంది. ఎర్ర రంగు పెచ్చులూడి, వెనక నుంచి పుట్టీ, అంటే సొట్టలు పూడ్చే ముద్ద, దాని వెనక పాత న్యూస్ పేపరు ఉండలు రాలాయి. ఇనుమన్నది లేదు. పైన పటారం, లోన లొటారం.

తలుపు లాగాను, రాలేదు. పైనుంచి వంగి నేల మీద మ్యాటు తీశాను. కింద ప్లైవుడ్ ముక్క. పక్క సీటు బోల్టులు ఆ చెక్కకే బిగించి ఉన్నాయి. సీటు పట్టుకుని ఒక్క ఊపు ఊపితే చెక్కతో సహా చేతిలోకి వచ్చేసింది. మాలతి వంగి ఆ కన్నంలోంచి చూసింది.

“మామా, మీ సెప్పు కనబడతంది” అంది.

అనంతగిరి ఘాట్ మలుపులన్నీ ఆ పిల్ల ఆ సీటు మీదే కూర్చుని ఎక్కింది. ఏ మలుపులో జమున బ్రేకు గట్టిగా తొక్కినా పిల్ల సీటుతో సహా రోడ్డు మీద ఉండేది.

ఆర్‌సీ అడిగి చూశాను. సీటింగ్ కెపాసిటీ అన్న చోట ఐదు అని ఉంది. అది కన్వర్టిబులే కాదు. మామూలు చిన్న కారు. టాపు కోసేసి, వెనక సీటు పీకేసి, కోసిన చోట అతుకులు వేసి రంగు కొట్టారు. ఆ కాగితమైనా ఫోటో తీసి పంపమని ఉంటే పది సెకన్లలో తేలిపోయేది. నేను అడగలేదు.

అమ్మినవాడికి నేనే ఫోన్ చేసి పోలీస్ స్టేషన్‌కి వెళ్తామన్నాను. వాడు కంగారు పడలేదు. “మీ మెకానిక్కే స్పీకర్‌లో పర్వాలేదన్నాడు, మావాళ్లు నలుగురు విన్నారు. ఆ మెకానిక్‌నే అడగండి” అన్నాడు. ఆ మెకానిక్‌ని నేనే అని చెప్పకుండానే ఫోన్ పెట్టేశాను.

అంతా వింటూ జమున స్టూలు మీద కూర్చుంది. ఏడవలేదు. కూతుర్ని ఒళ్లోకి లాక్కుని గట్టిగా పట్టుకుంది.

“మీకు కూడా తెలీలేదా మేస్త్రీ?”

“సూడలేదమ్మా. సూడకుండా అనేసినాను.”

“మా ఇంట్లో బాగుంటే బాగుందంటాం, బాగోపోతే బాగోలేదంటాం. ఈ నడిమి మాట మీకాడే నేర్సుకున్నాం” అంది.

తిట్టినా బాగుండేది.

కాసేపటికి ఆమే లేచింది. నాలుగు చక్రాలూ విప్పేసి, బండిని వ్యాన్ మీద తోటకి చేర్చి, రాళ్ల మీద నిలబెట్టమంది. కదలకపోయినా జంటలు అందులో కూర్చుని ఫోటో దిగుతారట. అడుగున ఇనుప పట్టీలు వేసి, సీట్లు బిగించి ఇచ్చాను. కూలి ఇవ్వబోతే తీసుకోలేదు. నా తప్పు దాంతో తీరిందని నేను అనుకోను.

అప్పట్నుంచి చెకింగ్‌కి వచ్చినవాళ్లకి రెండే మాటలు. కొను, లేదా వద్దు. చూడని బండి గురించి అడిగితే చూడలేదంటాను. మేస్త్రీకి పొగరెక్కిందని కొందరు అనుకుంటున్నారు. అనుకోనీ.

రెండు నెలల తర్వాత జమున ఫోన్ చేసింది.

“మేస్త్రీ, ఎవులో పెద్ద పార్టీ వచ్చినారు. సక్రాలు తగిలించి రోడ్డు మీద ఓ అరకిలోమీటరు నడిపితే సాలంట. మెల్లిగానే నడుపుతారంట.”

“వద్దు” అన్నాను.

ఎందుకని ఆమె అడగలేదు.

“ఆ రోజు కూడా ఈ మాటే సెప్పుంటే, నా గుంటని నా సేత్తో ఆ సీట్లో కూకోబెట్టకపోదును” అంది.