స్తంభం మీద మా పేరు

గ్రానైట్ పలక అంటే నాకు రోత. కొత్త ఇళ్ల గేట్ల పక్కన నిగనిగలాడుతూ కనిపించినా మొహం తిప్పుకుంటాను. గద్వాలలో మా వీధి మొగదల ఉన్న పాత ముసాఫిర్‌ఖానాను బాగుచేయించిన చరిత్ర సంఘంలో నేనూ సభ్యురాలిని కాబట్టి, ఈ రోతలో నా వాటా కూడా ఉంది.

ముసాఫిర్‌ఖానా అంటే పెద్ద మేడేం కాదు. సంస్థానం రోజుల్లో బాటసారులు దిగడానికి కట్టిన సత్రం. ముందు పొడవాటి వరండా, వరుసగా రాతి స్తంభాలు. బాటసారులు రావడం ఎప్పుడో మానేశారు కానీ మా నేతవాళ్లు మానలేదు. మగ్గానికి ఎక్కించే ముందు పడుగును, అంటే నిలువు దారాలను, బారుగా చాచి గంజి పెట్టి ఆరబెట్టాలి. ఎండాకాలం వీధిలోనే చాస్తారు. వానాకాలంలో అంత పొడవున తడవని చోటు మా వీధికి ఆ వరండా ఒక్కటే. ఈ చివరి స్తంభానికి ఒక తాడు, ఆ చివరి స్తంభానికి ఒక తాడు. తరాల తరబడి తాళ్లు ఒరిసి ఒరిసి ఆ రెండు స్తంభాలకూ నడుము ఎత్తున గాడి పడింది. మా అమ్మ తాడు కట్టేటప్పుడు అటు చూసేది కూడా కాదు. వేలితో గాడి తడుముకుని ముడి వేసేది.

కప్పు కురుస్తోందని సంఘం పెట్టారు. నేను స్కూల్లో తెలుగు చెబుతాను, నాలుగు ముక్కలు బాగా రాస్తానని నన్ను చేర్చుకున్నారు. చందాల విజ్ఞప్తి నేనే రాశాను. ఆ గాడి గురించి కూడా రాశాను. హైదరాబాద్‌లో ఉన్న మా ఊరివాళ్లు అది చదివి కళ్లనీళ్లు పెట్టుకున్నారని అధ్యక్షుడు చెప్పాడు. ఆయన ప్లాట్ల వ్యాపారి. మీటింగులన్నీ కొత్తకోట దగ్గర, హైవే మీద, ఆయన ఫంక్షన్ హాల్లోనే. ముందు శాలువాలు, తర్వాత మిర్చి బజ్జీలు, ఆ తర్వాత ఫొటోలు. కప్పు సంగతి చేతులు కడుక్కునేటప్పుడు ఎవరికైనా గుర్తొస్తే వచ్చినట్టు.

అసలు మాటంతా పేర్ల గురించే. మన దగ్గర గుడికి ఫ్యాన్ ఇచ్చినవాడు రెక్కల మీద పేరు రాయించుకుంటాడు, తిరిగితే కనిపించదని తెలిసి కూడా. అలాంటిది చరిత్రకు చందా ఇచ్చినవాడు ఊరుకుంటాడా? ఒకాయనకు తండ్రి పేరు కావాలి, ఒకాయనకు తండ్రి ఫొటో కూడా కావాలి, ఇంకొకాయనకు పక్కవాడి పలక కంటే తన పలక జానెడు పెద్దది కావాలి. సున్నపు గోడకు మేకు కొడితే పెళ్లలు ఊడి వస్తున్నాయి. అందుకని పలకలన్నీ స్తంభాలకే అని తీర్మానించారు. అవైతే రోడ్డు మీద పోయేవాళ్లకు కనిపిస్తాయట.

"స్తంభాలే కప్పేస్తే ఇక మనం బాగుచేసేది దేన్ని?" అని అడిగాను.

"ఏంది టీచరమ్మా, పేరు లేకుంటే పైసలెవ్వడిస్తడు?" అన్నాడు అధ్యక్షుడు బజ్జీ నములుతూ. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది.

మా వీధి కూడా చందా ఇచ్చింది. ఇళ్లవాళ్లంతా కలిసి పట్టు అంచు చీర ఒకటి నేసి, ప్రారంభానికి వచ్చే ముఖ్య అతిథి భార్యకు పెట్టమని ఇచ్చారు. ఇచ్చేటప్పుడు అమ్మ అధ్యక్షుణ్ణి అడిగింది, "మా పేరు గూడ రాస్తరా సారూ?"

"ఎందుకు రాయమమ్మా? తప్పకుంట రాస్తం."

అమ్మ మురిసిపోయింది. ఈ పేర్ల పిచ్చి మా ఇంటిదాకా వచ్చిందా అని ఆమె మీద కూడా చిరాకేసింది.

ప్రారంభం రోజు వెళ్లి చూస్తే వినాయకుణ్ణి చేయబోయి కోతిని చేశారు. నేలకు బాత్రూముల్లో వేసే టైల్స్. స్తంభాల మధ్య ఇనుప గ్రిల్లు. పలకలు సమంగా కూర్చోవాలని స్తంభాలను మిషన్‌తో చెక్కించారు, గాడితో సహా. ముఖ్య అతిథి ఆ చెక్కేసిన స్తంభం పక్కనే నిలబడి నా విజ్ఞప్తిలో గాడి గురించి ఉన్న మాటలు గొంతు వణికిస్తూ చదివాడు. జనం చప్పట్లు కొట్టారు. నా వాక్యాలు ఆ నోట్లోంచి వినలేకపోయాను. శాలువా కప్పడానికి నా పేరు పిలిచేలోపు బయటికొచ్చేశాను.

మొదటి ముసురు పట్టిన పొద్దున అమ్మ పడుగు భుజానేసుకుని బయలుదేరింది. చెప్పినా వినదని, గంజి గిన్నె పట్టుకుని నేనూ వెంట వెళ్లాను. గ్రిల్లుకు తాళం. లోపల వాచ్‌మన్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"తమ్మీ, జర తాళం తియ్యి."

"చాబీ సార్ కాడుందమ్మా. గంజి పడితే టైల్స్ ఖరాబైతయంట. ఎవ్వల్నీ రానియ్యద్దన్నడు."

అమ్మకు చదువు రాదు. స్తంభాల వంక చూసి, "మా పేరేడుందే?" అంది నాతో.

"చివర. నువ్వు తాడు కట్టే స్తంభం మీదే."

అమ్మ వానలోనే అక్కడికి నడిచింది. చెయ్యి అలవాటుగా నడుము ఎత్తుకు పోయింది. వేలు నున్నటి పలక మీద అటూ ఇటూ జారింది. ఇంకొంచెం కిందా, ఇంకొంచెం పైనా వెతికింది.

"గాడేదే?"

"చెక్కేసిండ్రమ్మా."

అమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "తాడు గట్ట తావు లేకుంటే పేరెందుకే నాకు?" అంది. "పా, పడుగు తడుస్తుంది."

అప్పటికే తడిసింది.