కూర్చోవడానికి పోరాడిన ఎల్లాగౌడ్

మేడిపల్లి నుంచి లచ్చవ్వ పోయిన సోమవారం పొద్దున ఫోన్ చేసింది. "సారూ, మీ అన్న పోయిండు" అన్నది. మూత్రపిండాలకు పాకిన ఇన్‌ఫెక్షన్ ఆమె భర్త ఎల్లాగౌడ్‌ను బలి తీసుకుంది. తాటిచెట్టు మీద నుంచి పడి బతికిన మనిషిని జ్వరం ఓడించిందంటే నా మనసు నేటికీ అంగీకరించడం లేదు.

ఆయన గీత కార్మికుడు. చెట్టు మీద నుంచి పడ్డప్పుడు వెన్నుపూస విరిగి, ఛాతీ కింది దేహమంతా స్పర్శ కోల్పోయింది. సిరిసిల్ల బడిలో తెలుగు పాఠాలు చెప్పే నాకు బైకు ప్రమాదంలో అదే గతి పట్టింది. చికిత్స కోసం కోరుట్లలో అక్క ఇంటికి చేరాను. అక్కడి ఫిజియోథెరపీ గదిలో పక్కపక్క బల్లల మీద మా స్నేహం మొదలైంది.

పొట్టకూ నడుముకూ పట్టు లేని మనిషి కూర్చుంటే ఒరిగిపోతాడు. ఒరగకుండా ఉండాలంటే రెండు చేతులూ ఊతానికే సరిపోతాయి. అందుకని ఇంటివాళ్లు ఆయనను తువ్వాలతో కుర్చీకి కట్టేవారు. "నేనేమన్న పెయ్యనా, కట్టేస్తానికి?" అని ఒకనాడు దాన్ని విప్పించి, కింద పడ్డాడే గాని మళ్లీ కట్టనివ్వలేదు.

డాక్టరమ్మ ఆయన పొట్ట మీద, నడుము మీద పట్టీలు అంటించి సన్నని కరెంటు పంపింది. కండరాలు బిగిశాయి. మనిషి నిటారుగా నిలిచాడు.

"దీంతోని నడక రాదు, ముందే చెప్తున్న" అన్నదామె.

"నడిపియ్యమని ఎవరడిగిండ్రమ్మా? చేతులు ఇడిసిపెట్టి కూసుండాలె. నా బుక్క నేను తినాలె. గంతే."

నాకూ అవే పట్టీలు పెట్టారు. మీట ఆపితే ఇద్దరం మళ్లీ ఒరిగేవాళ్లం. అది చూసి నేను చికిత్స మానేస్తానన్నాను. మరమగ్గాలను మా వైపు సాంచాలంటారు. "కరెంటు పోయిందని మీ సిరిసిల్లల సాంచాలు అమ్ముకున్నరా సారూ? బల్ల మీద పండుకో, పట్టీలు పెట్టిచ్చుకో" అని ఎల్లాగౌడ్ గద్దించాడు. నేను మానలేదు. కొన్ని నెలల అభ్యాసం తర్వాత, కరెంటు నడుస్తుండగా ఆయన రెండు చేతులతో చెంబెత్తి నీళ్లు తాగాడు. లచ్చవ్వ చెంబు మళ్లీ నింపింది.

గీత కార్మికుల సమావేశానికి వస్తానంటే, "చెట్టెక్కనోనికి ఈడేం పని?" అన్నారు కొందరు. అంగీ కింద ఆ కరెంటు పట్టీల యంత్రం కట్టుకుని వచ్చాడు. "బెల్టు లేకుండ ఎవడెక్కినా ఆ చెట్టు కింద నేను కూసుంట. మీద పడితే ఇద్దరం పోతం" అన్నాడు. అన్నంత పనీ చేశాడు. తాటివనంలో చెట్టు మొదట్లో ఆయన చక్రాల కుర్చీని చూసి, పైనున్నవాళ్లు తిట్టుకుంటూ దిగివచ్చి, పడిపోకుండా ఆపే బెల్టులు కట్టుకున్నారు.

అంత్యక్రియలనాడు పెద్దలు ఆయనను పాడె మీద పడుకోబెట్టబోతే లచ్చవ్వ అడ్డుకుంది. "పండుకున్నది సాలలేదా ఆయనకు? కూసుండవెట్టుండ్రి."

"మనల గట్ల లేదు, బిడ్డా" అన్నాడొక పెద్దాయన.

"ఇయ్యాల్టి సంది ఉంటది" అన్నదామె.

మేడిపల్లి వీధుల్లో ఎల్లాగౌడ్ కూర్చునే సాగిపోయాడు. ఆ ధిక్కారానికి నా ప్రణామం. అటువంటి గురువు నాకిక దొరకడు. రేపు కోరుట్లలో ఆ గదికి, పక్క బల్ల ఖాళీగా ఉండగా, నేనొక్కణ్నే పోవాలి. పోతాను.