కాస్త ఇటలీ పెట్టు మామా!

మునినారాయణప్ప దగ్గర ఉన్నది ఒకే ఒక సీడీ. అదీ ఇటలీది. దాన్ని ఆయన వినడు, బొమ్మనహళ్ళి అంతటికీ వినిపిస్తాడు.

దొడ్డబళ్ళాపురం పట్టుమిల్లులో పనిచేసే రోజుల్లో, యంత్రాలు బిగించడానికి వచ్చిన ఇటలీ ఇంజనీరు దాన్ని ఇచ్చిపోయాడట. మూడు వందల ఏళ్ళ కిందట అక్కడ పెద్ద ఏడుపు నాటకాలు ఆడుతూ, మధ్య విరామంలో జనాన్ని నవ్వించడానికి ఇలాంటి చిన్న పాటల నాటకం వేసేవారట. ఇందులో ఒక మగగొంతు, ఒక ఆడగొంతు. ఇద్దరికీ క్షణం పడదు. ఆయన బొంగురుగా గద్దిస్తాడు, ఆవిడ గిన్నెలు విసిరినట్టు పాడుతుంది. వెనక ఫిడేళ్ళు ఇద్దరినీ ఎగదోస్తుంటాయి.

పైవాటాలో అద్దెకున్న శశికళకు ఈ సీడీ ప్రాణాంతకమైంది. ఆమె, మొగుడు యశ్వంత్ ఏదైనా తేల్చుకుందామని గొంతు పెంచేసరికి కింద ఫిడేళ్ళు మొదలు. ఒకరి తిట్టు ఒకరికి వినబడక, తగువు సగంలో వదిలేసి, ఇద్దరూ కలిసి మునినారాయణప్పను తిట్టుకునేవారు. ఆ మధ్య ఆ మొగుడూ పెళ్ళాల మాట కలిసింది ఆ ఒక్క విషయంలోనే.

"మామా, కొంచెం తగ్గించు!"

"ఏమంటివి అమ్మణ్ణీ? నాకు చెవుడు."

"చెవుడైతే పాటెందుకు మామా?"

"అందుకే కదా గట్టిగా పెట్టేది!"

అదే చెవికి పక్కవీధిలో వేరుశనక్కాయల బండి మాత్రం వినబడేది.

శశికళకు అసలు భయం వేరే ఉంది. వాళ్ళది పెద్దవాళ్ళు కాదన్నా చేసుకున్న పెళ్ళి. 'ఏడాది నిలవదు' అని అత్తగారు అప్పుడే తేల్చేసింది. ఆవిడ చుట్టం పాపక్క ఎదురువాటాలోనే ఉంటుంది, చెవులు రెండూ వీళ్ళ కిటికీకి అప్పగించి.

ఒక ఆదివారం సాయంత్రం తగువు బాగా ముదిరింది. కింద ఇటలీవాళ్ళు అందుకున్నారు. అంతలో కరెంటు పోయింది. వఠారమంతా నిశ్శబ్దం. అందులో శశికళ గొంతొక్కటే ఖంగుమంది: "ఇంక నీతో నావల్ల కాదు!"

ఎదురువాటాలో తలుపు తెరుచుకుంది. పాపక్క వాకిట్లోకి వచ్చింది.

ఆ క్షణంలో కింద మునినారాయణప్ప స్వయంగా పాట ఎత్తుకున్నాడు. మగపాట బొంగురుగా, ఆడపాట పీక నొక్కినట్టు. ఫిడేళ్ళకు బదులు పళ్ళెం మీద గరిటె. వీధికుక్క కూడా శ్రుతి కలిపింది.

"కరెంటు పోయినా వదలవా అప్పా?" పాపక్క అరిచింది. "పైన ఆ పిల్ల ఏమో అంటా ఉండాది, విననీ!"

"ఏమంటివి పాపక్కా? నాకు చెవుడు!"

మొగుడూ పెళ్ళాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరూ కిందికి దిగారు. చెమటలు కారుతూ, చూపు పైకిటికీకి అతికించి, ఆయన పాడుతూనే ఉన్నాడు.

"ఇంక చాలు మామా," శశికళ గుసగుసగా అంది.

చెవిటి మునినారాయణప్పకు ఆ గుసగుస చక్కగా వినబడింది.

"మీది అయిపోయిందా? ఇంకా రవ్వంత ఉండాదా?"

"అయిపోయింది."

"బతికిస్తివి తల్లీ. ఆ ఆడమనిషి పాట నా గొంతుకు ఎక్కేది కాదు."

ముందు యశ్వంత్ నవ్వాడు. శశికళ నవ్వు ఆపుకోలేక మెట్టు మీద కూలబడింది. పాపం, పాపక్కకు మోసుకుపోవడానికి ఆ నవ్వే మిగిలింది.

మరునాడు శశికళ ఆయనకు ఒబ్బట్లు, బ్యాటరీతో నడిచే సీడీ పెట్టె ఇచ్చి వచ్చింది. "కరెంటును నమ్మేదానికి లేదు మామా," అంది.

తగువులు మానేశారని కాదు. తర్వాతి వారమే, ట్యాంకరు నీళ్ళకు ఫోన్ చేయాల్సింది ఎవరని మొదలైంది. శశికళ కిటికీలోంచి తల బయటపెట్టింది.

"మామా! కాస్త ఇటలీ పెట్టు!"

"చిన్నదా, పెద్దదా అమ్మణ్ణీ?"

"పెద్దదే. మొదట్నుంచీ పెట్టు!"