పన్ను కట్టని రాజావారి విందు

నవ్వదలచినవాళ్లు ముందే నవ్వేసుకోండి. మధ్యలో ఓ పెద్దమనిషి ప్రాణం మీదికి వస్తుంది, అప్పుడు నవ్వితే బాగుండదు. దానికి కారణం నా నోరే.

సముద్రం మధ్య మా దీవిలో, సిప్పీఘాట్‌లో మా ఇంటి మేడమీద గదిని పర్యాటకులకు అద్దెకిస్తాం. కొత్తగా మొదలుపెట్టిన రోజుల్లో డెన్మార్క్ నుంచి లార్స్ అనే ఆయన వచ్చి దిగాడు. పొద్దున్నే టీ తాగుతూ, తమ దేశంలో సంపాదనలో దాదాపు సగం పన్నుకే పోతుందని మామూలుగా చెప్పాడు. నాకు జాలి పొంగుకొచ్చింది.

"సగమా! దొంగలైనా కాస్త మిగులుస్తారు సార్. నన్ను చూడండి, రూపాయి పన్ను కట్టను. రాజాలా బతుకుతున్నాను. పదండి బజారుకి, ఇక్కడ ఎంత చవకో చూపిస్తాను. మధ్యాహ్నం విందు మా ఇంట్లోనే!"

సముద్రం బాగాలేక మెయిన్‌లాండ్ నుంచి సరుకుల ఓడ రాలేదన్న సంగతి నాకు గుర్తులేదు. మీకైతే గుర్తుండేది, మీరు తెలివైనవాళ్లు.

బజారులో కాసిని టమాటాలు ఉత్సవ విగ్రహాల్లా బుట్టలో కూర్చున్నాయి. కొట్టతను ధర చెప్పాడు. నాకు వినపడనట్టు నటించాను. లార్స్‌కి వినపడింది.

"మా ఊళ్లో కన్నా ఎక్కువే!" అన్నాడు ఆశ్చర్యంగా.

"ఇవాళేదో పొరపాటున..." అని నసిగాను.

"పొరపాటేటి భయ్యా? జహాజ్ రాలేదు కదా!" అని కొట్టతను నా పరువు తీశాడు.

ఉల్లిపాయలదీ వంకాయలదీ అదే వరస. చివరికి మన సముద్రంలోనే పడ్డవి గనక చవగ్గా దొరికిన కవళ్లు కొన్నాను. చిన్న చేపలు, ఒళ్లంతా ముళ్లు.

సంచి చూడగానే మా ఆవిడ సుశీల నన్ను వంటింట్లోకి లాగింది.

"విందని చెప్పి కవళ్లు తెచ్చినావేటి! ఆ దొరకి ముళ్లు తీసుకోడం వొచ్చేటి?"

"పులుసులో కలిసిపోతాయిలే."

"కలిసిపోడానికి అది ఉప్పేటి?"

లార్స్ తొలిముద్ద తిని ఆహా అన్నాడు. కాసేపటికి మాట ఆగింది. కళ్ల నిండా నీళ్లు. రెండు చేతులతో గొంతు పట్టుకున్నాడు. ఉత్త అన్నం మింగించాం, అరటిపండు మింగించాం. ముల్లు కదల్లేదు. డెన్మార్క్ వాళ్లు నా మీదికి ఓడ పంపుతారనిపించింది. కూరగాయల ఓడ రాకపోయినా, అది మాత్రం వేళకి వచ్చేస్తుంది!

"చూస్తావేటి? బేగి ఆస్పత్రికి తీసికెళ్లు!" అని సుశీల అరిచింది.

ఆటోలో లార్స్ దగ్గినప్పుడల్లా నేను ఊపిరి బిగబట్టాను. ప్రభుత్వాసుపత్రిలో డాక్టరమ్మ గొంతులోకి దీపం వేసి చూసి, పట్టకారుతో ముల్లు లాగేసింది. లార్స్ హాయిగా గాలి పీల్చాడు. నేను బల్లమీద కూలబడ్డాను.

లార్స్ పర్సు తీశాడు.

"వద్దు సార్, ఇక్కడ ఫ్రీ," అంది నర్సు.

ఆయన ముఖం వెలిగిపోయింది. "అచ్చం మా దేశంలాగే!" అన్నాడు. తర్వాత నావైపు తిరిగి, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. "మీరు పన్ను కట్టరు కదా, మరి దీనికి డబ్బెవరిస్తారు?"

నేను నోరు తెరిచాను. మాట రాలేదు. మళ్లీ తెరిచాను. నర్సు కంగారుగా టార్చి పట్టుకొని పరుగెత్తుకొచ్చింది.

"అరే భయ్యా, నీకు కూడా దిగిపోనాదా ముల్లు?"

ఆ ఆస్పత్రి బల్ల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఇకపై మా ఇంట దిగే అతిథులకు ముల్లు లేని చేపా, నోరు లేని యజమానీ మాత్రమే లభించును.