ఇస్పేటు రాజు మార్చిన ఆదివారం

మా ఆయన ఈ సంగతి నిజామాబాదు చుట్టాలకు ఎప్పుడు చెప్పినా ఒక్కటే తీరు: "మా ఇంటామె బ్రిడ్జి ఆటల పేకలు మార్చి పట్టువడ్డది." అందరూ నవ్వుతారు. పేక మార్చిన మాట నిజమే. గెలవడానికి మాత్రం మార్చలేదు. ఆ సంగతి ఆయన చెప్పడు.

పందొమ్మిది వందల డెబ్బైల నడుమ, నాందేడ్‌లో రిటైరైన స్టేషన్ మాస్టరు ఒకాయన, మాలాంటి సగం నేర్చిన వాళ్ళను కూర్చోబెట్టి ఆదివారం మధ్యాహ్నాలు ఆడించేవారు. మా బల్ల దగ్గర నలుగురం: నేను, మా ఆయన, ఒక కాలేజీ లెక్చరరు, ఇంజనీరుగారి భార్య. ఆమెను నేను వదినా అని పిలిచేదాన్ని, ఆమె నన్నూ అట్లాగే. మాస్టరుగారిది ఒంటి గది కాబట్టి ఆమె క్వార్టర్ హాలే మా బడి.

అక్కడ పేకలు పంచడం ఉండదు. మాస్టరుగారు శుక్రవారమే తన పాఠానికి తగ్గట్టు నలుగురికీ రావలసిన పేకలు అమర్చి, మనిషికొకటి చొప్పున నాలుగు జేబులు కుట్టిన అట్టల్లో దోపి, వదిన అల్మారాలో పెట్టి పోయేవారు. ఎవరి దగ్గర ఏముందో రాసిన కాగితం మాత్రం తన దగ్గరే. ఆడడం అయ్యాక అది చదివి, మా తప్పులు ఒక్కొక్కటే ఏకేవారు.

హైదరాబాదు పోటీకి ఆయన జట్టులో ఒక్క చోటు ఖాళీ అయింది. వదినకైనా దక్కాలి, నాకైనా దక్కాలి. సరిగ్గా అప్పటి నుంచే వదినకు రాజు ఎవరి చేతిలో ఉన్నాడో తెలిసిపోవడం మొదలైంది. ఒక ఆదివారం కాదు, వరసగా ఐదు. అదృష్టానికైనా ఒక మర్యాద ఉండాలి కదా. మా ఆయనతో అంటే, ఆమె ఆలోచించి ఆడుతుందట, నేను కొట్లాడి ఆడతానట.

ఆరో ఆదివారం ముందుగానే వెళ్ళాను. వదిన వంటింట్లో చాయ్ పెడుతోంది. అల్మారాకు తాళం లేదు. పై అట్ట తీసి చూశాను. అట్ట మీద రాసినదాన్ని బట్టి ఆట ఆడించేది వదిన, ఆమె జోడీ మా ఆయన. అందరికీ కనబడేలా ఆయన బల్ల మీద పరిచే పేకల్లో ఇస్పేటు ఆసు, రాణి ఉన్నాయి. రాజు అట్టలోని నా జేబులో, తోడు ఇంకో ఇస్పేటు లేకుండా. అలాంటప్పుడు ఎవరైనా ముందు రాణి వేసి చూస్తారు, ఓడిపోతారు. ఆసు కొట్టి ఒంటి రాజును పట్టేది ముందే తెలిసినవాళ్ళే. నేను రాజును లెక్చరరుగారి జేబులోకి తోసి, అక్కడి ఇస్పేటు మూడును నా జేబులోకి తెచ్చుకున్నాను. లెక్చరరు మా ఆయన కంటే ముందు వేయాలి కాబట్టి ఇప్పుడు రాణి వేస్తే గెలుపు; ఆసు కొట్టిందంటే అల్మారాలో ముందే చూసినట్టే.

ఆట మొదలైంది. వదిన చిన్న ఇస్పేటు వేసింది, లెక్చరరు ఇంకోటి వేశారు. ఆమె ఒక క్షణం నా వైపు చూసి, ఎదురుగా ఉన్న మా ఆయనను ఆసు వేయమంది. నేను మూడు వేశాను. వేసి, మాస్టరుగారిని కాగితం తీయమన్నాను. ఆ కాగితమే నా సాక్షి అనుకున్నాను.

ఆయన చదివి, మా చేతుల్లోని పేకలు చూసి, కళ్ళజోడు తీశారు. "రాజు అటెట్ల పోయిండు? ఎవరు ముట్టిండ్రు?"

నేనేనని అన్నాను. ఎందుకో కూడా చెప్పాను.

వదిన కోప్పడలేదు. పేకలు మెల్లగా బోర్లా పెట్టింది. "వదినా, ఎన్నడన్న నువ్వు నోరు మూసుకొని కూసున్నవా? ఇయ్యాల కూసున్నవు. ఒంటి రాజు పట్టుకొని ఉన్నవనుకున్న. నీ మొఖం జూసి ఆసు కొట్టిన."

లెక్చరరు పడీపడీ నవ్వారు. మాస్టరుగారు నవ్వలేదు. పేక ముట్టినోళ్ళను జట్టులో పెట్టుకోనన్నారు. హైదరాబాదు వదిన పోయింది.

ఆ రోజు నేను నోరు మూసుకొని కూర్చున్నది నిజమే. నా ముఖమే చెప్పిందంటే సరే, ఒప్పుకుంటాను. కానీ అంతకు ముందు రాజు లెక్చరరుగారి చేతిలో ఉన్న ఆదివారాలు కూడా ఉన్నాయి. ఆయన ముఖమా, సున్నం కొట్టిన గోడ. మరి ఆ ఆదివారాల్లో వదిన దేన్ని చూసి ఆడింది?