కంచెకు ఇవతల పరిచిన చాప

మా కమదు పిన్ని పుట్టిన ఊరు ఒకినావాలో అమెరికా విమానాల రన్‌వే కింద ఉంది. ఆవిడకి మాత్రం ఆ ఊరు ఇంకా ఉన్నట్టే. టోఫు కోస్తూ కోస్తూ ఆగి, "బావి గిలక చప్పుడు వినిపించడం లేదుటే?" అనేది. విమానాల మోతకి నా చెవులు చిల్లులు పడుతుంటే, గిలకట!

ఆ విమానాల స్థావరం కంచె లోపల ఊరిది మిగిలింది తాబేలు వీపులాంటి సమాధి ఒక్కటే. అందులో బాబాయి అస్థికలున్నాయి. ఏటా వసంతంలో, పెద్దల పండగ నాడు, చీటీ చూపిస్తే మూడు గంటలు లోపలికి పోనిచ్చేవారు. మన వాళ్లని చూడ్డానికి మనకి చీటీ! అక్కడ చాప పరిచి, వచ్చినవాళ్ల పేరూ, ఎలక ఏడో ఎద్దు ఏడో వాళ్లు పుట్టిన ఏడూ పెద్దలకి చెప్పి, తెచ్చింది వాళ్ల ముందే తినేవాళ్లం. ఆ మూడు గంటల కోసమే పిన్ని బతికేది. ఒక ఏడు బాబాయి కలలోకొచ్చి, "పండక్కి వండే సముద్రపు నాచు ముడులు ఈసారి గట్టిగా కట్టు, విడిపోతున్నాయి" అన్నాడట.

ఆ ఏడు రన్‌వే పెంచుతారని తెలిసి కాలేజీ పిల్లలు గేటు ముందు బైఠాయించారు. పిన్ని మనవరాలు త్సురుయో కూడా వాళ్లలో ఉంది. వాళ్లలో ఎవరి పిల్లలుంటే ఆ ఇంటి చీటీ రద్దన్నారు స్థావరం వాళ్లు.

"నీ గొడవ తగలెయ్య! మీ తాతకి ముద్ద పెట్టొద్దుటే?" అంది పిన్ని.

"నేనక్కడ పేరు చెప్పను నానమ్మా. నువ్వూ నన్నెరగనట్టు వెళ్లిపో."

పండగ నాడు పిల్లలు లేచి మాకు దారిచ్చారు. త్సురుయో తలెత్తలేదు. కావలివాడు మా దీవివాడే, చీటీ తీసుకుని, "మీ వాళ్లెవరైనా వీళ్లలో ఉన్నారా అవ్వా?" అన్నాడు.

లేరంటే చాలు.

పిన్ని నావైపు తిరిగింది. "పిల్లేదని లోపల మీ బాబాయి అడుగుతాడు కదే. గేటు దగ్గర ఎవరో తెలీదన్నానని చెప్పనా?"

వెనక్కొచ్చి, పిల్లల మధ్య చాప పరిచి, సమాధి వైపు చేతులు జోడించి గట్టిగా అంది: "ఏమయ్యా, ఈసారి నువ్వే రా. పులి ఏట పుట్టిన నీ మనవరాలు త్సురుయో ఇక్కడుంది."

కావలివాడు పేరు రాసుకున్నాడు, చీటీ తిరిగివ్వలేదు.

త్సురుయో ఏడుస్తూ నాచు ముడి కొరికింది. "గట్టిగా కట్టావు నానమ్మా."

"మీ తాతే కట్టమన్నాడు" అని, పక్క పిల్లాడికి ఇంకో ముడి పెట్టింది. ఆ తరవాత పిన్ని బతికుండగా ఆ సమాధి చూడలేదు.